తెగులు మోసే దోమ



చేలో పురుగు కనబడితే అది ఎంత ఆకు పాడుచేసినదీ చూస్తాము. నష్టం కొంచెమే అయితే పోనీలెమ్మని ఊరుకుంటాము. కాని కొన్ని పురుగులు త్రాగే రసం కంటే, అవి వెంట తెచ్చే తెగులే ప్రమాదం. కాలిఫోర్నియా ద్రాక్ష రైతులు ఈ సంగతి తోటలు పోగొట్టుకొని తెలుసుకున్నారు.

అక్కడి అనహైమ్ ప్రాంతంలో 1880 తరువాత కొద్ది ఏండ్లలోనే ద్రాక్షతోటలు ఎండిపోయినవి. పదును ఉండగానే ఆకు అంచులు మాడేవి. ఆకు రాలినా కాడ మాత్రం తీగకు అంటుకొని ఉండేది. పియర్స్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి 1892లో నివేదిక వ్రాశాడు. తెగులుకు ఆయన పేరే నిలిచింది. చాలాకాలం దీనిని వైరస్ అనుకున్నారు. బాక్టీరియా అని 1978లో గాని రుజువు కాలేదు.

ఈ బాక్టీరియా నీటిని ఆకులకు చేర్చే సన్నని గొట్టాలలో కాపురం పెట్టి వాటిని పూడుస్తుంది. కాలవలో పూడిక పడితే చివరి మడికి నీరందదు గదా! ఇదీ అంతే. ఇక వేరు దగ్గర ఎన్ని తడులు పెడితే ఏమి లాభం?

దీనిని మోసేది షార్ప్‌షూటర్ అనే పురుగు; మన పచ్చదోమకు దగ్గర చుట్టమే. బాక్టీరియా దాని గొంతు లోపలి పొరకు అంటుకుంటుంది. రెక్కలు వచ్చిన పురుగుకు ఒకసారి అంటితే చచ్చేదాకా వదలదు. పిల్ల పురుగు కుబుసం విడిస్తే ఆ పొర కూడా ఊడి శుభ్రపడుతుంది. పూర్వం ఈ పురుగు వాగు గట్ల పొదలలో ఉండి, ఆ పక్క సాళ్లనే ఎక్కువగా పాడుచేసేది. తరువాత వచ్చిన పెద్ద జాతి నారింజ జాతి తోటలలో పెరిగి, 1999 నాటికి టెమెక్యులా ద్రాక్షతోటలను చాలా దెబ్బతీసింది.

మన వంగలో, నువ్వులో వచ్చే వెర్రి తెగులు ఈ కోవలోనిదే. వంగ ఆకులు చిన్నవై, కొమ్మలు గుబురు కట్టి, కాయ పట్టదు. నువ్వులో పూత ఆకులుగా మారుతుంది. కారణం ఫైటోప్లాస్మా, అనగా పై గోడ లేని ఒక విధమైన బాక్టీరియా. దీనిని కూడా వైరస్సే అనుకొనేవారు. జపాను శాస్త్రజ్ఞులు 1967లో అసలు సంగతి బయటపెట్టారు.

ఇక్కడ ఒక తేడా ఉన్నది. ఇది పచ్చదోమ కడుపులో పెరిగి, లాలాజలంలోకి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ రోజు రోగపు మొక్కను పీల్చిన దోమ రేపే పక్క మొక్కకు అంటించలేదు. ఆ వ్యవధి మీకు కలిసివచ్చేదే. వెర్రి మొక్క కనబడిన రోజే పీకి తగులబెట్టండి. దోమకు మందు కొట్టినంతమాత్రాన ఆ మొక్క కోలుకోదు. మందు మిగిలినవాటిని కాపాడుకోవడానికి.

ముఖ్యంగా, పాత వంగతోటలో నాలుగు కాయలకు ఆశపడి వెర్రి మొక్కలను ఉంచుకొని, దాని పక్కనే కొత్త నారు పోయకండి.