పొడుగు చూసి పోరన్ని తూకం ఎయ్యకుండ్రి

ఉస్మాన్‌గంజ్ల మూట ఎత్తే హమాలికి నడుము బలం కావాలె. ఇరుకు గల్లీల తోపుడు బండి మలిపేటోనికి కాళ్ల చురుకు కావాలె. ఇద్దరిదీ కష్టమే, కని సత్తువ ఒక్క తీరు కాదు. బాస్కెట్‌బాల్ గూడ గంతే.

బంతి నడిపేటోడు గార్డు. 28 మీటర్ల కోర్టుల ఈ కొస నుంచి ఆ కొసకు ఉరకాలె, చటుక్కున మలగాలె. అందుకే గార్డులకు సాధారణంగ వేగం, దమ్ము ఎక్కువుంటయి. సెంటర్ బుట్ట కింద నూకుడు తట్టుకోవాలె, ఎగిరి బంతి అందుకోవాలె. ఎత్తు, బరువు, బలం కావాలె. ఫార్వర్డుకు రెండూ కొంత కొంత కావాలె.

అసలు తిరకాసు పిల్లల కాడ. ఎత్తు జోరుగ పెరుగుడు ఆడపిల్లలకు సగటున 12 ఏండ్లకు, మగపిల్లలకు 14 ఏండ్లకు అటిటు వస్తది. కొందరికి ఇంకా ఆలస్యం. 13 ఏండ్లకు పొడుగున్నోన్ని బుట్ట కిందనే నిలబెడితే బంతి నడుపుడు నేర్వడు. రేపు తోటోళ్లు దాటి పెరిగితే ఎటూ కాకుండ పోతడు. పొట్టిగున్నోన్ని ఎంపికలనే ఎల్లగొడితే వాని నసీబు ఆడనే ఖతం. ఊరి బడి పిల్లలకు రెండో ఎంపిక ఏడ దొరుకుతది?

పంజాబ్‌ల బల్లో కే ఊరి సత్నాం సింగ్ 7 అడుగుల 2 అంగుళాల సెంటర్. 2015ల ఎన్‌బీఏ డ్రాఫ్టుల ఎంపికైండు. అదే ఎన్‌బీఏల 5 అడుగుల 3 అంగుళాల గార్డు మగ్సీ బోగ్స్ 14 సీజన్లు ఆడిండు.

కోచ్ సార్లూ, ఎదిగే వయసుల అందరితోని అన్ని జాగలల్ల ఆడించుండ్రి. ఎత్తుతో పాటు ఉరుకుడు, మలుగుడు, ఎగురుడు గూడ కొలిచి తారీఖేసి రాయుండ్రి. మూడు నెలలకు మళ్ల కొలువుండ్రి. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మిమ్మల్ని పక్కకు పెడితే అడుగుండ్రి: "సార్, నాల ఏం కొలిచిన్రు?"