పల్లెకు నోరిచ్చిన యంత్రములు

పల్లెటూళ్లకు యంత్రములు వచ్చిన కథను వ్రాయువారు సామాన్యముగా నూనె ఇంజనుతోనో, విద్యుద్దీపముతోనో, ట్రాక్టరుతోనో ఆరంభింతురు. వాని ఘనతను కాదనువారెవరు? కాని మనుష్యుడు నీరు తోడుటకును నేల దున్నుటకును మాత్రమే కాక, మాట చెప్పుటకును వినుటకును గూడ యంత్రములను కల్పించుకొన్నాడు. ఈ రెండవ తెగ యంత్రములు పల్లె గడప తొక్కిన తీరును పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. చాలకాలము వరకు వచ్చిన ప్రతి యంత్రమును పల్లెకు ఏదో ఒకటి బోధించుటకే వచ్చినది గాని, పల్లె చెప్పునది ఆలకించుటకు వచ్చినది కాదు.

వీనిలో మొదటిది రేడియో. 1938లో మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును వెలసిన పిమ్మట, పంచాయతీ గదిలో తాళము వేసి దాచిన ఒక పెట్టెయు, వెలుపల ఒక లౌడుస్పీకరును ఊరి ఆస్తిలో చేరినవి. సాయంకాలము వేళకు ఎవరో ఒకరు వచ్చి దానిని తిప్పవలెను. జనము అరుగుల మీద చేరి వినవలెను. 'పాడిపంటలు' వంటి కార్యక్రమముల వలన రైతునకు కలిగిన మేలు స్వల్పము కాదు. 1960ల చివర తంజావూరు సీమలో ఏ.డి.టి. 27 అను వరి వంగడము గూర్చి రైతులు ఆకాశవాణి ద్వారా తెలిసికొని, దానికి రేడియో వడ్లని పేరే పెట్టుకొనిరి. అయినను ఆ వడ్లకు తెగులు సోకినదని రైతు ఆ పెట్టెతో మొఱపెట్టుకొనుటకు వీలు లేదు. పెట్టెకు నోరు గలదు, చెవి లేదు.

తరువాతి ఘట్టము నేటి యువకులు నమ్మనంతటి సాహసము. పట్టణములకే టెలివిజను కొత్తయై యున్న ఆ కాలములో, దానిని ముందుగా పల్లెలకే చేర్చవలెనని అంతరిక్ష శాస్త్రజ్ఞుడు విక్రమ్ సారాభాయి సంకల్పించెను; అమెరికా అంతరిక్ష సంస్థతో 1969లో ఒప్పందము కుదిరినది గాని, ఫలమును కన్నులార చూడకయే ఆయన 1971లో గతించెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు బొమ్మలను వర్షించెను. 'సైట్' అని వ్యవహరింపబడిన ఆ ప్రయోగములో మన మెదకు, మహబూబునగరు, కర్నూలు జిల్లాల పల్లెలు గూడ చేరినవి. బడి ఆవరణములో మూడు మీటర్ల వెడల్పు గల తీగవల గొడుగు ఆకాశమునకు అభిముఖముగా నిలిచెను. విద్యుత్తు లేని చోట్ల బ్యాటరీలతో పెట్టె నడిచెను. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము. రాజధానియైన హైదరాబాదుకు దూరదర్శన కేంద్రము 1977లో గాని రాలేదు. అనగా పాలమూరు పల్లె చూచిన వింతను పట్నవాసము రెండేండ్లు ఆలస్యముగా చూచినదన్నమాట! ఈ విషయమును తలచుకొన్నప్పుడెల్ల నాకు కొంత చిలిపి సంతోషము కలుగును.

కాని అది అత్యయిక పరిస్థితి కాలము. పైనుండి వచ్చిన మాటను పల్లె శ్రద్ధగా చూచి విని ఇంటికి పోయెను. పల్లెవారి మనస్సులో నేమున్నదో తెలిసికొనుటకు పరిశోధకులు ఊళ్లలోనే మకాము పెట్టి వ్రాసికొనిన మాటయు నిజమే. అయితే ఆ వ్రాతలు నివేదికలయ్యెను గాని ప్రసారములు కాలేదు. గుజరాతులోని ఖేడా జిల్లాలో మాత్రము పీజ్ అను గ్రామమున చిన్న ప్రసారిణి నొకదానిని నిలిపి, స్థానికులనే పాత్రధారులుగా చేసికొని, వారి భాషలోనే వారి గొడవలను చూపించిరి. సైట్ ప్రయోగమునకు సంవత్సరము నిండగానే ఒప్పందానుసారము ఉపగ్రహమును అమెరికావారు వెనుకకు మఱలించుకొనిరి.

టెలిఫోను సంగతి వేగముగా చెప్పి ముగింపవచ్చును. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ దుమ్మునకును ఎండకును ఓర్చుకొను గ్రామీణ ఎక్స్ఛేంజిని నిర్మించి 1986లో కర్ణాటకములోని కిత్తూరులో ప్రతిష్ఠించెను; పిమ్మట వీథి చివర పసుపు రంగు ఎస్టీడీ బూతు వచ్చినది. ఇది మాటాడనిచ్చిన యంత్రమే, కాని ఒక్కరితో ఒక్కరు మాత్రమే.

పల్లె పదిమంది వినునట్లు మాటలాడిన కథ మన తెలుగు నేలపైననే జరిగినది. జహీరాబాదు సమీపమున మాచునూరు అను చిన్న గ్రామము కలదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన దళిత స్త్రీలు, వారిలో పెక్కురు కూలి చేసికొని బ్రదుకువారు, అక్కడ యునెస్కో తోడ్పాటుతో గత శతాబ్దాంతముననే రేడియో స్టూడియోను సిద్ధము చేసికొనిరి. యంత్రములు సిద్ధమైనవి గాని అనుమతి సిద్ధము కాలేదు. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పి యుండగా, ఆ ప్రజలలో మాచునూరు స్త్రీలును చేరుదురని ప్రభుత్వమునకు తోచుటకు చాలకాలము పట్టినది. ఈలోగా వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; తమ మాటలను, పాటలను క్యాసెట్లపై ముద్రించి సంఘముల సమావేశములలో వినిపించుకొనిరి. 2006లో విధానము మారెను; 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోని కెక్కెను. దాని గొంతు చుట్టుప్రక్కల పాతిక కిలోమీటర్లు మించి పోదు. కాని ఆ పాతిక కిలోమీటర్లలో ఏ విత్తనమును ఎట్లు దాచవలెనో, కొఱ్ఱలు, సామలు, జొన్నలు ఏ నేలకు ఒప్పునో, పశువునకు ఏ ఆకు పసరు పోయవలెనో, అక్కడి పలుకుబడిలోనే వినవచ్చును. బడిమొగము చూడని స్త్రీ మైకు పట్టుకొని మరియొక స్త్రీని ప్రశ్నించును. నిపుణుడు వక్తగా గాక శ్రోతగా నుండవలసి వచ్చును. ఇట్టి కేంద్రములు స్వంతముగా వార్తలు ప్రసారము చేయరాదను నిబంధన మాత్రము చిత్రమైనది: జొన్నరొట్టె గూర్చి మాటలాడవచ్చునట, జొన్నల ధర ఎందుకు పడిపోయెనో వార్తగా చెప్పరాదట!

ఇప్పుడు ప్రతి జేబులోను ఒక ప్రసార కేంద్రమున్నది. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లి నుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' అను యూట్యూబు ఛానెలు లోకమంతట తెలుగువారిని నవ్వించినది. పొలము పనులు చేసికొని బ్రదికి, దానిలో నటించిన గంగవ్వ ముదిమిలో తన పలుకు మార్చుకొనకయే ప్రఖ్యాతురాలైనది. వ్రాయుటయు సులభమైనది. 1991లో యూనికోడు ప్రమాణములో తెలుగునకు స్థానము లభించుటతో, ఒక ఫాంటులో కూర్చినది మరియొక యంత్రమున అర్థము కాని గుర్తులై కనబడు దుఃస్థితి క్రమక్రమముగా తొలగి, నేడు చేతిలోని ఫోనులో తెలుగు మీటలు సిద్ధముగా నున్నవి. మీటలు నొక్కజాలనివారు నోటితో చెప్పినను ఫోను వ్రాసిపెట్టుచున్నది. ఇంటినుండియే మోటారును నడుపుటకును, మిర్చి ధర విచారించుటకును, గల్ఫులోని కుమారుని ముఖము చూచుటకును పల్లెవారు దీనిని వాడుకొనుచున్న నేర్పును నేను శిరసు వంచి మెచ్చుకొందును.

మెచ్చుకొనుచునే ఒక మాట అనవలసి యున్నది. చూచువారు మెచ్చినదే మఱల మఱల పైకి తేలుట ఈ కొత్త యంత్రము ధర్మమగుటచేత, పల్లెనుండి వచ్చు బొమ్మలలో కట్టెలపొయ్యి మీది నాటుకోడి కూర, చెఱువులోని చేపల వేట, ఎడ్లబండి మీది ఊరేగింపు అతిశయించుచున్నవి. ఎండిన బోరుబావి, యూరియా కొఱకు నిలిచిన చెప్పుల వరుస, రేషను దుకాణములో యంత్రము గుర్తింపలేని అవ్వగారి అరిగిన వ్రేలిముద్ర, రాత్రి కరెంటు కొఱకు మేలుకొని మడికట్టుకు పోవు రైతు భయము, ఇవి అంత రమణీయములు కావు గనుక వెనుకబడుచున్నవి. వెనుకటి యంత్రములు పట్నము మాటను పల్లెకు వినిపించినవి. ఇప్పటిది పట్నము కోరిన పల్లెను పల్లెచేతనే చూపించుచున్నది. ఇది పూర్వపు పాఠము కంటె మధురమైనదే గాని, దీనిని పల్లె మాట అని నేను ఒప్పుకొనజాలను. మాచునూరు స్త్రీలు తమ పొరుగువారి కొఱకు మాటలాడిరి; అందుచేతనే వారి మాటకు బరువు వచ్చినది.

వ్రాతలోను ఇట్టి వెలితియే కలదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన రెండు రాష్ట్రముల గ్రామములలో చాలవానికి ఒక్కొక్క పుట కలదు. వానిలో అనేకము 2011 జనాభా లెక్కలనే వల్లించును: ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు, బస్సు ఎంత దూరమున దొరకును, ఇన్ని హెక్టార్లకు నీరున్నది. ఆ నీరు ఏ యేట ఏ నెలలో అడుగంటెనో అందు లేదు. పల్లెలో నివసించు పాఠకుడా, నీ ఫోనులో ఆ సంగతిని తేదీ వేసి, తెలుగు లిపిలో, ఎవరును మెచ్చుకొనకున్నను, నేటినుండియే వ్రాసిపెట్టుము: కరెంటు వచ్చిన వేళ, కలుపుకూలి, వాన పడిన దినము, మూతపడిన బడి, అమ్ముడుపోయిన ఎడ్లు. ఒక ప్రతిని ఊరి బడిలోనో గ్రంథాలయములోనో కాగితముపై అచ్చు తీయించి ఉంచుము, ఫోనులు పగిలిపోవును.