పది వారాల పెళ్లిచూపులు!

వారానికి నాలుగు వేల డాలర్లకు పైగా జీతం. మధ్యాహ్నం ఖరీదైన హోటల్లో భోజనం. సాయంత్రమైతే బేస్‌బాల్ మ్యాచో, నాటకమో, పడవ షికారో. ఖర్చంతా ఆఫీసుదే. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవేమో! అమెరికాలోని పెద్ద లా ఫర్మ్‌లు ఇవన్నీ చేసేది పేరుమోసిన లాయర్లకు కాదు, చదువింకా పూర్తికాని లా విద్యార్థులకు. వాళ్లనే 'సమ్మర్ అసోసియేట్లు' అంటారు. బయటి నుంచి చూస్తే అదో వేసవి సరదా. లోపలున్నవాళ్లకు మాత్రం... పది వారాలపాటు సాగే పెళ్లిచూపులు!

ముందు మార్కులు... ఆ తర్వాతే పిలుపు

అమెరికాలో ఇంటర్ అవగానే లా కాలేజీలో చేరడం కుదరదు. ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఆపైన మూడేళ్ల జేడీ కోర్సు. రెండో ఏడాది పూర్తయ్యాక వచ్చే వేసవిలో పెద్ద సంస్థల్లో పనిచేయడం ఆనవాయితీ. చురుకైన కుర్రాళ్లను కాలేజీల నుంచే ఎంచుకుని, తమ పద్ధతిలో తీర్చిదిద్దుకోవాలన్న ఆలోచనకు న్యూయార్క్ లాయర్ పాల్ క్రావత్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే బాట వేశారు. నేటికీ పెద్ద సంస్థలన్నీ నడుస్తున్నది దాదాపు ఆ బాటలోనే.

ఒకప్పుడు మొదటి ఏడాది మార్కులన్నీ చేతికొచ్చాక, ఆగస్టులో కాలేజీల్లోనే ఇంటర్వ్యూలు జరిగేవి. నియామకాల తేదీలపై ఉన్న మార్గదర్శకాలను 2018లో ఎత్తేశాక సంస్థల మధ్య 'ముందు నేనంటే నేను' అన్న పోటీ మొదలైంది. ఇప్పుడు మొదటి ఏడాది ముగియకముందే దరఖాస్తుల హడావుడి. అంటే, ఒక్క సెమిస్టరు గ్రేడ్లతోనే చాలామంది జాతకం తేలిపోతోందన్నమాట! పైగా ఆ గ్రేడ్లు తోటి విద్యార్థులతో పోల్చి ఇచ్చేవి. ఎంత బాగా రాసినా పక్కవాళ్లు ఇంకా బాగా రాస్తే వెనకబడినట్టే.

ఆరు నిమిషాల లెక్క

అన్ని గండాలూ దాటి లోపల అడుగుపెడితే, మొదటి రోజే చేతికి ఓ ల్యాప్‌టాప్, తోడుగా ఓ సీనియర్. ఏ పని ఎవరికివ్వాలో చూసేందుకు ప్రత్యేకంగా ఓ మనిషి. 'ఈ ఒప్పందంలోని ఫలానా షరతు టెక్సస్‌లో చెల్లుతుందా?' అని ఏ పార్ట్‌నరో అడుగుతారు. వెస్ట్‌లా, లెక్సిస్ లాంటి డేటాబేసుల్లో పాత తీర్పులన్నీ వెతికి, జవాబును నాలుగైదు పేజీల్లో రాసివ్వాలి. కంపెనీల కొనుగోళ్లయితే గుట్టలుగా ఉన్న కాగితాలు చదివి, చిక్కులెక్కడున్నాయో పట్టుకోవాలి. బార్ పరీక్ష పాసవలేదు కాబట్టి సొంతంగా కేసు వాదించే వీల్లేదు. సీనియర్ల వెంట వెళ్లి, సాక్షుల వాంగ్మూలాలు ఎలా నమోదు చేస్తారో చూడొచ్చు. పేదల తరఫున ఉచితంగా చేపట్టే కేసుల్లో సాయపడొచ్చు.

అన్నిటికన్నా కొత్తగా అనిపించేది గడియారంతో లెక్క. అక్కడ లాయర్లు గంటను పది ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఆరు నిమిషాలు. ఏ ఆరు నిమిషాలు ఏ క్లయింటు కోసం గడిపారో రాసిపెట్టాల్సిందే. బిల్లు వేసేది దాన్నిబట్టే. పెద్ద సంస్థల్లో జూనియర్ లాయరు ఏడాదికి 1,900 నుంచి 2,000 గంటలైనా ఇలా చూపించాలి. భోజనం, కాఫీ, శిక్షణ... ఇవేవీ ఆ లెక్కలోకి రావు. వేసవి కుర్రాళ్లకు లక్ష్యాలేమీ ఉండవు కానీ, ఆ అలవాటు మాత్రం అప్పుడే చేయిస్తారు.

తప్పు దొర్లితే పరువు పోవడానికి ఆరు నిమిషాలు కూడా పట్టదు. 2003లో న్యూయార్క్‌లోని ఓ పెద్ద సంస్థలో పనిచేస్తున్న సమ్మర్ అసోసియేట్, తాను పెద్దగా పనేమీ చేయడం లేదనీ రెండు గంటలపాటు భోంచేసి వచ్చాననీ మిత్రుడికి మెయిల్ రాశాడు. అది కాస్తా పొరపాటున ఆఫీసులో పార్ట్‌నర్లు సహా పదులమందికి వెళ్లిపోయింది. క్షమాపణ చెప్పుకున్నా, ఆ మెయిల్ దేశమంతా చక్కర్లు కొట్టింది. ఇప్పుడైతే కొత్త గండం కృత్రిమ మేధ. 2023లో చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు న్యూయార్క్‌లో లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అనుభవమున్నవాళ్లకే ఆ గతి పడితే, విద్యార్థులెంత జాగ్రత్తగా ఉండాలి!

ఆ 'సరే' కోసమే...

ఇంత తపనా దేనికంటే, చివరి రోజుల్లో వచ్చే ఆఫర్ కోసం. పేరున్న లా కాలేజీల్లో ట్యూషన్ ఫీజే ఏడాదికి 70 వేల డాలర్లు దాటుతుంది. ఖర్చులూ కలిపితే మూడేళ్లకు రెండు లక్షల డాలర్లు ఎప్పుడో దాటిపోతాయి. చాలామంది అందుకోసం అప్పు చేస్తారు. మరోవైపు, పెద్ద సంస్థలు 2023 చివర్లో కొత్త లాయర్ల జీతాన్ని ఏడాదికి 2,25,000 డాలర్లకు పెంచాయి. వేసవిలో ఇచ్చేది కూడా ఆ లెక్క ప్రకారమే. పది వారాలకు మన రూపాయల్లో 35 లక్షల పైమాటే! అప్పు తీర్చే దారి కళ్లెదుటే కనిపిస్తుంటే ఎవరికి మాత్రం గుండె దడ ఉండదు?

మామూలు రోజుల్లో పది మందిలో తొమ్మిది మందికి పైగా ఆఫర్ దక్కుతుంది. కానీ కాలం కలిసిరాకపోతే? ఆర్థిక మాంద్యం వేళ 2009 వేసవిలో ఆ సంఖ్య ఏడుకు పడిపోయింది. ఉద్యోగం ఖాయమైనవాళ్లనూ 'కొన్నాళ్లాగి చేరండి' అన్నారు. 2020లో కరోనా వచ్చి విందులూ వినోదాలూ కంప్యూటర్ తెరలకే పరిమితమయ్యాయి.

అన్నిసార్లూ తప్పు విద్యార్థిది కాకపోవచ్చు కూడా. 1958 వేసవిలో న్యూయార్క్‌లోని ఓ పెద్ద సంస్థలో చక్కగా పనిచేసిన యువతికి ఆఫర్ రాలేదు. మర్నాటి ఏడాది కొలంబియాలో ఫస్టు ర్యాంకు పంచుకున్నా న్యూయార్క్‌లోని సంస్థలు తలుపు తీయలేదు. మహిళ కావడం, యూదు కావడం, ఓ బిడ్డకు తల్లి కావడం... ఇవే అడ్డంకులయ్యాయి. ఆమె రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. 1993లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు!

మన పిల్లల మాటేంటి?

తెలుగువారి పిల్లలూ ఈ దారిలో నడుస్తున్నారు. తెలుగు దంపతుల కుమార్తె ఉషా చిలుకూరి వాన్స్ యేల్‌లో లా చదివి, 2024 దాకా ఓ పేరున్న లా ఫర్మ్‌లో పనిచేశారు. ఇక్కడ క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలోనో చేరేవాళ్లది ఐదేళ్ల చదువు. ఒక్క వేసవి కాదు, ఏ సెలవులొచ్చినా ఇంటర్న్‌షిప్‌కి పరుగే. అమెరికాలో అంత స్టైపెండ్ ఉండదు, విందులూ తక్కువే. కానీ పని నచ్చితే చదువుండగానే చేతికందే ఉద్యోగం... ఆ ఆశ మాత్రం అదే.

చూసేది వాళ్లేనా?

పెళ్లిచూపులన్నాక అబ్బాయే కాదు, అమ్మాయీ చూస్తుంది. అప్పుల భారంతో వచ్చిన విద్యార్థి ఎక్కువగా మరిచిపోయేది ఈ సంగతే. తనను చూస్తున్నారన్న కంగారులో తాను చూడటం మానేస్తాడు.

1989 వేసవిలో షికాగోలోని సిడ్లీ ఆస్టిన్ సంస్థకు హార్వర్డ్ నుంచి ఓ విద్యార్థి వచ్చాడు. అతడికి దారి చూపే బాధ్యతను మిషెల్ రాబిన్సన్ అనే యువ లాయరుకు అప్పగించారు. ఆ విద్యార్థి బరాక్ ఒబామా. 1992లో ఇద్దరికీ పెళ్లయింది. ఈ ప్రేమకథ అందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ చెప్పుకోనిది మరోటుంది. మిషెల్ 1991లో ఆ సంస్థను వదిలి షికాగో నగర పాలనలో చేరారు. ఒబామా కూడా చదువయ్యాక పెద్ద సంస్థ వైపు వెళ్లలేదు, పౌరహక్కుల కేసులు చూసే చిన్న సంస్థను ఎంచుకున్నారు. కార్పొరేట్ కొలువును దగ్గర్నుంచి చూశారు, తమ దారి అది కాదనుకున్నారు.

అందరూ అలా వదులుకోవాలని కాదు. అప్పు తీరాలంటే కొన్నేళ్లు ఆ ఉద్యోగం చేయడమే తెలివైన పని కావచ్చు. కానీ ఆ కొన్నేళ్లు ఎలా ఉంటాయో తెలుసుకునే అవకాశం ఆ పది వారాలే. అందుకు చూడాల్సింది విందులో ఎవరు ఎంత సరదాగా మాట్లాడుతున్నారన్నది కాదు... విందు ముగిశాక ఎవరెవరు ఇంటికెళ్తున్నారు, ఎవరెవరు మళ్లీ ఆఫీసుకెళ్తున్నారు అన్నది!