ఇంజన్ మార్చకుండానే పడవ స్పీడ్ 12 నుంచి 19కి ఎలా పెంచాం? (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఒక పడవ ఉంది. బాల్కొండలో మా బాబాయ్ కొడుకు ఇంటి వెనక షెడ్డులో తన చేతులతో కట్టుకున్న పడవ. పొడవు పద్నాలుగు అడుగులు. మెరైన్ ప్లైవుడ్, దాని మీద ఫైబర్ పూత, అడుగు చదును. వెనక ఒక సెకండ్ హ్యాండ్ 8 హెచ్‌పీ పెట్రోల్ ఔట్‌బోర్డ్ ఇంజన్.

బాల్కొండ వాళ్ళకి నీళ్ళంటే శ్రీరాంసాగరే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, 42 గేట్లు, నిండితే 1091 అడుగులు. పర్మిషన్ తీసుకుని, డ్యామ్‌కి దూరంగా, గాలి తక్కువున్న పొద్దున పూట టెస్ట్ చేశాం.

మొదటిరోజు ఫోన్ జీపీఎస్‌లో వచ్చిన స్పీడ్ ఎంతో తెలుసా? గంటకి 12 కిలోమీటర్లు. ముక్కు ఆకాశం వైపు, వెనక భాగం నీళ్ళలోకి. తమ్ముడి మొహం చూడాలి! "అన్నా, ఇంజన్ సరిపోతలేదే. 15 హెచ్‌పీ తీసుకుందం, ఫైనాన్స్ ఇస్తరంట" అన్నాడు.

అదే కోపంలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాడు. అప్పుడు అర్థమైంది నాకు, సమస్య స్పీడ్ ఒక్కటే కాదని. పడవ ఆగింది గానీ, మా వెనకాల మేమే లేపిన అల ఆగలేదు. నేరుగా వచ్చి వెనక పలక మీది నుంచి లోపలికి దూకింది. రెండు బకెట్ల నీళ్ళు. సిగ్గుపడుతూనే చెప్తున్నా, ఆరోజు నేను లైఫ్ జాకెట్ వేసుకోలేదు, సీటు కింద పెట్టాను. ఇంకో అల వచ్చి ఉంటే ఈ వీడియో ఉండేది కాదేమో.

15 హెచ్‌పీ ఇంజన్ అంటే ఇంకా బరువు, అదీ వెనకే. అందుకే "ఆగు రా, ముందు కొలుద్దాం" అన్నాను.

పడవకి ఒక గోడ ఉంటుంది

నీళ్ళలో కదిలే ప్రతి పడవా ఒక అల లేపుతుంది. స్పీడ్ పెరిగేకొద్దీ ఆ అల పొడవవుతుంది. ఒక దశలో అల పొడవు, పడవ పొడవు సమానమవుతాయి. అక్కడి నుంచి పడవ తన అలనే తను ఎక్కాలి. ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీర్ 1870లలో చిన్న చిన్న నమూనా పడవల్ని తొట్టిలో లాగి ఈ లెక్కలు తేల్చాడు.

సింపుల్ లెక్క చెప్తా. నీళ్ళని తాకే పొడవు మీటర్లలో తీసుకోండి, దాని వర్గమూలాన్ని 4.5తో గుణించండి. మాది 4 మీటర్లు. వర్గమూలం 2. అంటే గంటకి 9 కిలోమీటర్లు. అక్కడే గోడ. దాన్ని దాటి నీటి మీద జారాలంటే చదును అడుగు, తక్కువ బరువు, సరైన కోణం కావాలి. మేం 12 దగ్గర ఆ గోడ మధ్యలో వేలాడుతున్నాం.

ఒకసారికి ఒక్క మార్పే

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు ఐదు లైన్లు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇక్కడా అంతే. ప్రతి మార్పుకీ గాలికి ఎదురు ఒకసారి, గాలి వాటున ఒకసారి వెళ్ళి సగటు తీశాం. ఆర్‌పీఎం కోసం స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే చిన్న మీటర్ వాడాం. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాం. ఫుల్ రేస్‌లో 4000 ఆర్‌పీఎం మాత్రమే వస్తోంది. ఆ ఇంజన్ 5000 దాటాలి.

మొదటిది, బరువు. చెరుకు ట్రాలీ లాగేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేవడం బోధన్ వైపు అందరూ చూసే ఉంటారు. మా పడవదీ అదే కథ. ఇంజన్ వెనకే, పెట్రోల్ ట్యాంక్ వెనకే, ఇద్దరం కూర్చున్నదీ వెనకే. ట్యాంక్‌ని ముందుకి జరిపాం, నేను మధ్య సీటుకి వెళ్ళాను. రూపాయి ఖర్చు లేదు. 14 వచ్చింది.

రెండోది, ఇంజన్ కోణం. బ్రాకెట్‌లో పిన్ పెట్టే రంధ్రాలుంటాయి. ఇంజన్ కాలు బయటికి తన్ని ఉంటే ముక్కు లేస్తుంది. ఒక రంధ్రం లోపలికి మార్చాం. ముక్కు దిగింది. 15. ఇంకో రంధ్రం మారిస్తే ముక్కు నీళ్ళలోకి దున్నడం మొదలైంది, వెనక్కి వచ్చేశాం.

మూడోది, ఎత్తు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది చూడండి, అది పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళంలోపు కిందో ఉండాలి. మరీ పైకుంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. మరీ కిందుంటే ఆ కాలే నీళ్ళలో బ్రేక్ వేస్తుంది. మా తమ్ముడు వెనక పలకని 13 అంగుళాల ఎత్తే కట్టాడు, ఇంజన్ కాలేమో 15 అంగుళాలది. పలక మీద రెండు అంగుళాల టేకు చెక్క బోల్టులేసి బిగించాం. 16 వచ్చింది. ఇంకో లాభం ఏంటంటే, ఆరోజు అల దూకిన గోడ రెండు అంగుళాలు పెరిగింది.

నాలుగోది, ప్రొపెల్లర్. తమ్ముడు దాన్ని ఫ్యాన్ అంటాడు. దాని మీద పిచ్ అని ఒక నంబరుంటుంది. మెత్తటి చెక్కలో స్క్రూ తిప్పినట్టు, ఒక్క చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకెళ్ళాలో చెప్పే నంబరు. మాది 9. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ సుమారు ఒక చుట్టు తిరుగుతుంది. 4000లో సగం 2000, దాన్ని 9 అంగుళాలతో గుణిస్తే గంటకి 27 కిలోమీటర్లు. కానీ మొదటిరోజు మనకొచ్చింది 12. సగానికి పైగా జారిపోతోంది.

నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌ని బైక్ మీద టాప్ గేర్‌లో ఎక్కి చూడండి. ఇంజన్ గిలగిలా కొట్టుకుంటుంది. ఎక్కువ పిచ్ అంటే అదే. పిచ్ 7 ప్రొపెల్లర్ పెట్టాం. ఆర్‌పీఎం 5000కి వెళ్ళింది. ఇప్పుడు లెక్క ప్రకారం గంటకి దాదాపు 27 కిలోమీటర్లే, కానీ జీపీఎస్‌లో 19! పడవ అలని దాటి నీటి మీద జారుతోంది. తమ్ముడు అరిచిన అరుపు వీడియోలో విన్నారు కదా.

సొంతంగా కట్టేవాళ్ళకి ఇంకో మాట. మేస్త్రీల దగ్గర ఉండే అల్యూమినియం పట్టీని పడవ అడుగున చివరి ఐదు అడుగులకి ఆనించి చూడండి. అక్కడ అడుగు బయటికి ఉబ్బి ఉంటే స్పీడ్‌లో ముక్కు ఎగిరెగిరి పడుతుంది. లోపలికి గుంట ఉంటే ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. దానికి ట్యూనింగ్ లేదు, అడుగు సరిచేయాల్సిందే.

స్పీడ్ కన్నా ముందు

19లోనూ వెనక అల వస్తూనే ఉంటుంది. అందుకే యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించాలి, ఎప్పుడూ ఒక్కసారిగా వదలకండి. కిల్ స్విచ్ తాడు నడిపేవాళ్ళ చేతికి కట్టి ఉండాలి. మనిషి పడిపోతే ఇంజన్ ఆగాలి, లేకపోతే పడవ తిరిగొచ్చి ఆ మనిషి మీదికే వెళ్ళొచ్చు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే రాళ్ళు పైకొస్తాయి, ప్రొపెల్లర్‌కి షియర్ పిన్ ఉంటే స్పేర్ ఒకటి జేబులో పెట్టుకోండి. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఇంజన్ పడవలకి రిజిస్ట్రేషన్, సర్వే అడుగుతుంది. మీ పడవకి ఏం వర్తిస్తుందో ముందే ఆఫీసులో కనుక్కోండి.

లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. 2019 సెప్టెంబర్ 15న ఇదే గోదావరి మీద, కింద కచ్చులూరు దగ్గర, టూరిస్టు బోటు మునిగింది. ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మనందరం చూశాం.

ఫైనాన్స్ తీసుకోలేదు. మాకు అయిన ఖర్చు ఒక ప్రొపెల్లర్, ఒక చెక్క, నాలుగు బోల్టులు. మిగిలిన డబ్బుతో తమ్ముడు రెండు మంచి లైఫ్ జాకెట్లు కొన్నాడు. "అన్నా, ఒకటి నీకే. ఏసుకుంటెనే ఎక్కిచ్చుకుంట" అన్నాడు.

మీ దగ్గర పడవ ఉన్నా, పంపు ఉన్నా, పాత బైక్ ఉన్నా, కొత్త ఇంజన్ కొనేముందు ఒక నోట్‌బుక్ కొనండి. మీ రీడింగులు కామెంట్లో పెట్టండి, కలిసి చూద్దాం. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.