తొలి అరవై అడుగులే అసలు పందెం!

రెండు కార్లు పక్కపక్కనే నిలబడ్డాయి. ఎదురుగా తిన్నని రోడ్డు. మలుపుల్లేవు, ఎత్తుపల్లాల్లేవు. మధ్యలో ఓ స్తంభం, దానికి పైనుంచి కిందికి లైట్లు. పసుపు... పసుపు... పసుపు... పచ్చ! రెండు ఇంజిన్లూ ఒక్కసారిగా గర్జించాయి. ఒక కారు టైర్ల నుంచి తెల్లటి పొగ లేచింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి మాత్రం ముందుకు కదలనంటోంది. పెద్దగా చప్పుడు చేయని రెండో కారు అప్పటికే దూసుకుపోయింది.

చూసేవాళ్లకి పొగే గొప్పగా కనిపిస్తుంది. గెలుపు మాత్రం పొగ రాని కారుదే!

అదే డ్రాగ్ రేస్. పావు మైలు పరుగు... అంటే 1320 అడుగులు. మన లెక్కలో 402 మీటర్లు. గేర్లు మనమే మార్చుకునే ఓ మంచి స్పోర్ట్స్ కారు ఆ దూరాన్ని పదమూడు, పద్నాలుగు సెకన్లలో దాటేస్తుంది. కళ్లు మూసి తెరిచేలోగా ముగిసిపోయే ఈ ఆటలో నేర్చుకోవడానికి ఏముంటుంది, యాక్సిలరేటర్ బలంగా తొక్కితే సరిపోదా అనిపిస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లంతా అలాగే అనుకుంటారు. మొదటిరోజు సాయంత్రం కాలిన క్లచ్ వాసన ముక్కుకి తగిలాక గానీ అసలు సంగతి అర్థం కాదు.

వీధుల నుంచి ట్రాక్ మీదికి

ఈ ఆట పుట్టిల్లు అమెరికా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా కుర్రకారుకి కార్ల పిచ్చి పట్టుకుంది. పాత కార్లు కొనడం, ఇంజిన్లు విప్పి వేగం పెంచడం, ఎండిపోయిన సరస్సుల్లోనూ నడివీధుల్లోనూ పందేలు కాయడం. ప్రమాదాలు పెరిగాయి, జనం తిట్టిపోశారు. అప్పుడు 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ని స్థాపించారు. పందేలు మానమంటే కుర్రాళ్లు మానరు. అందుకే వాళ్లకో చోటు, కొన్ని నిబంధనలు, ఓ గడియారం ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. 1953లో పొమోనాలో ఆ సంఘం తొలి పోటీ జరిగింది.

షెనెక్టడీ వీధుల్లో పందేలు కాసిన షిర్లీ మల్డౌనీ అనే అమ్మాయి అలా ట్రాక్ మీదికొచ్చి, అత్యంత వేగవంతమైన టాప్ ఫ్యూయల్ విభాగంలో 1977, 1980, 1982ల్లో చాంపియన్ అయింది. ఇప్పటికీ అమెరికాలోని చాలా ట్రాకుల్లో కొన్ని సాయంత్రాలు మామూలు జనానికే కేటాయిస్తారు. రుసుము కట్టి, బండి తనిఖీ చేయించుకుంటే చాలు. రోజూ ఆఫీసుకెళ్లే కారుతోనే పరుగు తీయొచ్చు.

చెట్టు చెప్పే లెక్క

రేసు మొదలయ్యేచోట ఉండే లైట్ల స్తంభాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారు. 1963లో వచ్చింది. కారు నెమ్మదిగా ముందుకు జరుగుతుంటే ముందు చక్రం ఒక కాంతి కిరణాన్ని అడ్డుకుంటుంది. పైనున్న చిన్నలైట్లు వెలుగుతాయి. దగ్గరికొచ్చావని అర్థం. మరో ఏడంగుళాలు జరిగితే రెండో కిరణం, రెండో జత లైట్లు. అక్కడ ఆగిపోవాలి. ఆ తర్వాత పెద్ద పసుపు లైట్లు మూడూ అరసెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. మరో అరసెకనుకి పచ్చలైటు. తొందరపడితే ఎర్రలైటు... పందెం పోయినట్టే!

ఇక్కడో తమాషా ఉంది. పరుగు సమయాన్ని కొలిచే గడియారం పచ్చలైటు పడగానే మొదలవదు. చక్రం ఆ కిరణాన్ని దాటినప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఆలస్యంగా కదిలినా పరుగు సమయం చెడదు. పక్కవాడితో పోటీలో మాత్రం ఆ ఆలస్యం లెక్కకొస్తుంది. ఒకరు పచ్చలైటు పడ్డ 0.30 సెకన్లకి కదిలి 14.50 సెకన్లలో పరుగు పూర్తిచేశారనుకుందాం. మొత్తం 14.80. ఇంకొకరు 0.10కే కదిలి 14.60లో చేరారు. మొత్తం 14.70. నెమ్మదైన కారే గెలిచింది! అయితే కొత్తవాళ్లు మొదటిరోజు లైటుతో పోటీపడకపోవడమే మేలు. పచ్చలైటు చూసి, ఊపిరి పీల్చుకుని బయల్దేరినా ఫర్వాలేదు. ముందు నేర్చుకోవాల్సింది కాళ్ల పని.

ఎడమకాలిదే పెత్తనం

ఎత్తు మీద ఆగిన కారుని వెనక్కి జారకుండా కదిలించడానికి డ్రైవింగ్ స్కూల్లో 'హాఫ్ క్లచ్' నేర్పిస్తారు గుర్తుందా? పెడల్‌ని మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి చిన్నగా వణుకుతుంది. ఇంజిన్ శక్తి చక్రాలకి అందడం మొదలయ్యేది అక్కడే. డ్రాగ్ రేసులో కొత్తవాడి చదువంతా ఆ చోటు చుట్టూనే తిరుగుతుంది.

ముస్టాంగ్ లాంటి వెనకచక్రాలతో నడిచే కారునే తీసుకుందాం. మొదటి గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఇంజిన్‌ని నిమిషానికి 2000-2500 చుట్ల దగ్గర నిలకడగా ఉంచాలి. బయల్దేరేటప్పుడు క్లచ్‌ని ఆ వణికే చోటుదాకా చటుక్కున తీసుకురావాలి. అక్కడినుంచి మిగతాది సాఫీగా వదులుతూ, అదే లయలో కుడికాలితో యాక్సిలరేటర్ పెంచుకుంటూ పోవాలి. కారు కదలగానే బరువు వెనక్కి వాలుతుంది. వెనక టైర్లు నేలకి గట్టిగా అదుముకుంటాయి. పట్టు దొరికాకే పూర్తిగా తొక్కాలి.

క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేస్తే? టైర్లు పట్టు కోల్పోయి తిరుగుతాయి. జారుతున్న టైరుకి నిలిచిన టైరుకున్నంత పట్టుండదు. లేదంటే ఆ కుదుపుకి వెనక ఇరుసు దడదడలాడి ఖరీదైన భాగాలు విరుగుతాయి. మరీ మెల్లగా వదిలితే క్లచ్ ప్లేటు రాపిడికి వేడెక్కి కాలుతుంది. చుట్లు మరీ తక్కువుంటే ఇంజిన్ దమ్ములేనట్టు నీరసపడిపోతుంది. చక్రాలు తిరిగిపోతే తర్వాతి పరుగులో చుట్లు కాస్త తగ్గించాలి. నీరసపడితే కాస్త పెంచాలి. ఒక్కో పరుగుకి ఒక్క మార్పే. రెండు మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. ముందుచక్రాలతో నడిచే కారుకి కథ తిరగబడుతుంది. బరువు వెనక్కి పోవడంతో ముందు టైర్లు తేలికపడతాయి. అందుకే ఇంకా నెమ్మదిగా కదిలించాలి.

పరుగు పూర్తయ్యాక ఇచ్చే చీటీలో కొత్తవాళ్లు చివరి వేగాన్నే చూసి మురిసిపోతారు. అనుభవజ్ఞులు ముందు చూసేది తొలి 60 అడుగుల సమయం. అక్కడ 0.1 సెకను ఆదా అయితే చివరికొచ్చేసరికి దాదాపు 0.15 నుంచి 0.2 దాకా కలిసొస్తుందని వాళ్ల లెక్క. 2015 మోడల్ ముస్టాంగ్ జీటీలో ఈ పనిలో సాయపడే 'లాంచ్ కంట్రోల్' కూడా పెట్టారు. అయినా క్లచ్ వదలాల్సింది మన కాలే!

మొదటిరోజు మర్చిపోకూడనివి

* మామూలు రోడ్డు టైర్లున్న కారు, ట్రాక్ మీద టైర్లు తడిపేందుకు పోసిన నీళ్లలోకి వెళ్లకూడదు. గాళ్లలో చేరిన నీరు మొదలయ్యేచోట కారి జారుడుచేస్తుంది. పక్కనుంచి వెళ్లాలి.

* పరుగుకీ పరుగుకీ మధ్య క్లచ్‌ని చల్లారనివ్వాలి. కాలిన వాసనొస్తే ఆ పూటకి చాలు.

* సీటుబెల్టు, నిండు ప్యాంటు, బూట్లు తప్పనిసరి. పావు మైలుని 13.99 సెకన్లలో గానీ అంతకన్నా వేగంగా గానీ దాటే కారైతే అమెరికా నిబంధనల ప్రకారం హెల్మెట్ ఉండాల్సిందే.

* గీత దాటాక సడన్ బ్రేకు వద్దు. ఆగడానికి బోలెడంత రోడ్డుంటుంది.

మన దగ్గరా ఈ పిచ్చి తక్కువేం కాదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకులో మోటారుసైకిళ్ల జాతీయ డ్రాగ్ పోటీలు జరిగాయి. మన నగరాల్లోనేమో అర్ధరాత్రి ఖాళీ రోడ్డు కనిపిస్తే చాలు, కొందరికి కాలు ఆగదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు కాస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ. అదీ కాక, రోడ్డు మీద ఎదురుగా ఎవరొస్తారో ఏ లైటూ చెప్పదు.

ట్రాక్ మీద తప్పుచేస్తే పోయేది క్లచ్ ప్లేటు. దాన్ని మార్చుకోవచ్చు. రోడ్డు మీద పోయేది మార్చుకోగలిగేది కాదు. డెబ్భై ఏళ్ల కిందట కాలిఫోర్నియా కుర్రాళ్లకి వాలీ పార్క్స్ చూపించిన దారి అదే. వేగం నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఆగడం నేర్చుకోవాలి... పచ్చలైటు పడేదాకా!