మీకు తెలుసా? సున్నాలోనే ఉంది కిటుకు

మోంటే కార్లో కాసినోలో 1913 ఆగస్టు 18న రౌలెట్ బంతి వరసగా 26 సార్లు నల్ల గడిలోనే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందెం పెంచుకుంటూ పోయినవాళ్లు నిండా మునిగారు. వెనక ఏం జరిగిందో బంతికేం గుర్తుంటుంది?

యూరప్ చక్రంలో 0 నుంచి 36 దాకా 37 గడులు. ఒకే అంకె మీద కాసి గెలిస్తే 35 రెట్ల లాభం. పక్కపక్కనున్న రెండింటి మీదైతే 17, నాలుగు అంకెలు కలిసే మూల మీదైతే 8, పన్నెండు అంకెల మీదైతే 2 రెట్లు. ఎరుపు-నలుపు, సరి-బేసి పందేలకు కాసినంతే లాభం.

బాగానే ఉంది కానీ, ఆకుపచ్చ సున్నా ఎరుపూ కాదు, నలుపూ కాదు. ఆటలో దాన్ని సరిగానో బేసిగానో లెక్కించరు. గడులు 37, చెల్లింపు మాత్రం 36 ఉన్నట్టు! ఆ తేడాయే కాసినో వాటా: సగటున 2.7 శాతం. అమెరికా చక్రంలో 00 కూడా ఉంటుంది కాబట్టి అది 5.26 శాతానికి చేరుతుంది. ఆడేవాడికి ఇదే అధ్వాన్నం.

ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే ‘మార్టింగేల్’ పద్ధతిని కొందరు గట్టిగా నమ్ముతారు. 100 రూపాయలతో మొదలుపెట్టి పదిసార్లు ఓడితే, పదకొండోసారి కాయాల్సింది 1,02,400. అది గెలిచినా మొత్తం మీద మిగిలేది వంద రూపాయలే.