కంప్యూటర్‌లో కదిలే అణువులు

యాప్రాల్ దాటి శామీర్‌పేట వైపు వెళితే బిట్స్ హైదరాబాద్ క్యాంపస్, ఇంకాస్త ముందుకెళితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ల్యాబులు. చదువుకూ, పరిశోధనకూ చోటు దగ్గరే. కెమికల్ ఇంజనీరింగ్ చదివి మాలిక్యులర్ సిమ్యులేషన్‌లో, అంటే అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడంలో, పీహెచ్‌డీ చేస్తానంటే మాత్రం ఇంట్లో ఒకటే ప్రశ్న: రోజంతా కంప్యూటర్ ముందే కూర్చునేదానికి సాఫ్ట్‌వేర్‌కే పోవచ్చుగా? అడగదగ్గ ప్రశ్నే. కానీ ఇది కోడ్ రాసే ఉద్యోగం కాదు, ప్రయోగమే. ఆ సంగతి మొదట గట్టిగా రుజువు చేసినవాళ్లలో ఒకరు మన హైదరాబాద్‌లోనే పుట్టారు. పేరు అనీసుర్ రహ్మాన్, పుట్టింది 1927లో. 1960లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీలో చేరి, 1964లో 864 ఆర్గాన్ పరమాణువులను కంప్యూటర్‌లో కదిలించి చూపారు. ఒక్కో పరమాణువును మిగతావి ఎంత బలంతో లాగుతున్నాయో, నెడుతున్నాయో లెక్కగట్టడం, న్యూటన్ సూత్రం ప్రకారం దాన్ని కాస్త జరపడం, మళ్లీ మొదటికి రావడం. ఒక్కో అడుగు సెకనులో వంద లక్షల కోట్లవ వంతు. చూస్తే విసుగు పుట్టించే పనే!

బలాల సూత్రం మనమే పెట్టి, జవాబూ మనమే రాబట్టుకుంటే అందులో కొత్తగా తెలిసేదేముంది అన్నది గట్టి అభ్యంతరం. రహ్మాన్ తన ఫలితాన్ని లెక్క దగ్గరే వదిలేయలేదు. ద్రవ ఆర్గాన్‌లో పరమాణువులు ఎలా అమరి ఉంటాయి, ఎంత వేగంగా చెల్లాచెదురవుతాయి అన్న ల్యాబు కొలతల పక్కన పెట్టి చూశారు. సరిపోయింది. సరిపోయాక, ఏ పరికరానికీ నేరుగా చిక్కని ఒక్కో పరమాణువు నడకనూ నమ్మకంగా చదవగలిగారు. 1980 దశకం మొదట్లో మిషెలే పరినెల్లోతో కలిసి, స్ఫటికం తన ఆకారం తానే మార్చుకునేలా ఈ పద్ధతిని విస్తరించారు. మందుల కంపెనీలకు ఇదేమీ దూరపు సంగతి కాదు. రిటోనవిర్ అనే హెచ్ఐవీ మందు 1998లో అనుకోకుండా మరో స్ఫటిక రూపంలోకి మారి, సరిగా కరగక, క్యాప్సూళ్ల అమ్మకం ఆగిపోయింది. అణువు అదే, పేర్పు మారింది, అంతే. సిమ్యులేషన్ ఉంటే ఆ ముప్పు తప్పేదని చెప్పలేం. స్ఫటికం పుట్టడానికి గంటలు, రోజులు పడితే, కంప్యూటర్ చూపేది సాధారణంగా మైక్రోసెకన్ల లోపే. ఏ రూపాలకు అవకాశముందో ముందుగా వెతికిపెడితే మాత్రం ల్యాబులో వృథా తగ్గుతుంది.

అందుకే ఈ దారిలో అడుగుపెట్టేవాళ్లు గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సర్వర్లు ఎన్ని ఉన్నాయని అడగకండి. మీ లెక్కలను ఏ ల్యాబు కొలతలతో సరిచూస్తారు అని అడగండి.